ఎగిరే పళ్లెం వర్క్‌షీట్: బొమ్మ బాగుంది, వరసే తలకిందులు

చిన్నపిల్లలకు కార్టూన్ ఏలియన్ ఓడ గీయడం నేర్పే స్టెప్ బై స్టెప్ వర్క్‌షీట్లు లెక్కలేనన్ని దొరుకుతాయి. పేర్లు వేరైనా లోపలి సరుకు దాదాపు ఒకటే. ఏ4 కాగితం మీద 8 గళ్లు, గడికో స్టెప్. కొత్తగా చేరిన గీతలు ఎర్రగా, పాతవి నల్లగా. రెండో పేజీలో అదే బొమ్మ పెద్దగా చుక్కల గీతలతో ఉంటుంది, మీద దిద్దుకోవడానికి. ఓ మూల '4 ఏళ్లు పైబడిన పిల్లలకు' అని రాసి ఉంటుంది. ఇక్కడ చూస్తున్నది ఈ రకం షీటునే.

చివరి గడిలో బొమ్మ ముద్దొస్తుంది, అందులో సందేహం లేదు. పెద్దవాళ్లు ప్రింట్ తీసేది దాన్ని చూసే. పిల్లల చేతిలో షీటు పనికొస్తుందో లేదో తేలేది మాత్రం మొదటి మూడు గళ్లలోనే.

గళ్ల వరస ఇలా ఉంటుంది: ఒకటిలో గాజు గుమ్మటం, అంటే ఒక అర్ధవృత్తం. రెండులో దాని కింద వెడల్పాటి పళ్లెం. మూడులో పళ్లెం కింద చిన్న పొట్ట. నాలుగులో గుమ్మటం లోపల ఏలియన్. ఐదులో అంచు పొడవునా దీపాలు, ఆరులో కాళ్లు, ఏడులో కిందికి పడే వెలుగు, ఎనిమిదిలో నక్షత్రాలూ రంగులూ. పైనుంచి కిందికి చక్కగా దిగుతూ వచ్చినట్టే కనిపిస్తుంది. గీసే చేతికి ఈ వరసే గుదిబండ.

ఐదేళ్ల పిల్లల ముందు ఖాళీ కాగితం పెట్టి 'సగం చందమామ గీయండి' అంటే చెయ్యి తిరిగినంత మేర గీస్తారు. మొదటి ఆకారం పక్కన పోల్చి చూసుకోవడానికి ఏమీ ఉండదు కదా, అది ఎంత ఉంటే సరిపోతుందో వాళ్లకు ఎలా తెలుస్తుంది? షీటులో 3 సెంటీమీటర్లున్న గుమ్మటం కాగితం మీద 12 సెంటీమీటర్లు అవుతుంది. పళ్లెం దానికి రెండింతలు ఉండాలి, అంటే 24. షీటు నిలువుగా ఉంది కాబట్టి పిల్లలూ కాగితాన్ని నిలువుగానే పెట్టుకుంటారు, అప్పుడు వెడల్పు 21 సెంటీమీటర్లే. పళ్లెం పట్టదు. ఇక్కడ పిల్లలు రెండే పనులు చేస్తారు: గీతను కాగితం అంచు దాకా తీసుకెళ్లి ఆపేస్తారు, లేదంటే గుమ్మటమంత వెడల్పులోనే పళ్లెం గీసి పుట్టగొడుగు తయారు చేస్తారు. 'నాకు రాదు' అనే మాట వినిపించేది ఇక్కడే. చెయ్యి బాగానే ఉంది, వరస చెడింది.

రెండో దెబ్బ నాలుగో గడిలో పడుతుంది. గుమ్మటం అప్పటికే మూసేసి ఉంది. అందులో తల, రెండు పెద్ద కళ్లు, నవ్వు, కొమ్ముల్లాంటి యాంటెన్నాలు ఇరికించాలి. పిల్లలు తలను పెద్దగానే గీస్తారు, అది వాళ్లకు ముఖ్యమైన వస్తువు. యాంటెన్నాలు గాజును చీల్చుకుని బయటికొస్తాయి. కొందరు పిల్లలకు అది నచ్చుతుంది కూడా, అలాంటప్పుడు కదపక్కర్లేదు. చాలామంది మాత్రం రబ్బరు అందుకుంటారు, ఆ రుద్దుడుకు కాగితం నూగు లేస్తుంది.

అసలు చెరపాల్సిన అవసరం వచ్చిందంటేనే వరస తప్పిందని అర్థం. ఈ షీట్లలో రెండో గడి పక్కన చిన్న రబ్బరు బొమ్మ ఉంటుంది: 'గుమ్మటం కింది గీత చెరపండి' అని. ఏడేళ్ల లోపు పిల్లలకు అది అర్థంకాని పని. కంటికి కనబడేదాన్ని కాక, అక్కడ ఉందని తమకు తెలిసినదాన్ని గీసే వయసు అది. పిల్లల బొమ్మల మీద పనిచేసిన ఫ్రెంచి పరిశోధకుడు జార్జ్ ఆన్రీ ల్యూకే 1927లోనే దీని గురించి వివరంగా రాశాడు. గోడ వెనక మనిషినీ, పొట్టలోని అన్నాన్నీ గీసేది ఇదే వయసు. గుమ్మటానికి అడుగు ఉందని వాళ్లకు తెలుసు, అందుకే గీశారు. ఉన్నదాన్ని ఎందుకు చెరపాలి?

మందు చాలా తేలిక. ముందు కనబడేదాన్ని ముందు గీయాలి, లోపలిది గీశాకే కప్పేదాన్ని గీయాలి. అంటే పళ్లెం, ఏలియన్ తల, గుమ్మటం, పొట్ట, దీపాలు, వెలుగు, చివర నక్షత్రాలు. పళ్లెం ముందే ఉంటే దాని పై గీతే గుమ్మటానికి నేల అవుతుంది. ఏలియన్ మెడ ఆ గీత మీద నిలబడుతుంది. తల ఎంత పెద్దదొచ్చినా ఫరవాలేదు, గుమ్మటం దాని చుట్టూ వస్తుంది. రబ్బరుతో పనే పడదు. షీటు కొన్నవాళ్లు దాన్ని పారేయనక్కర్లేదు. గళ్లను కత్తిరించి ఈ వరసలో మళ్లీ అంటించుకుంటే సగం జబ్బు కుదురుతుంది. రెండో గడిలో పళ్లెంతో పాటు గుమ్మటం, నాలుగో గడిలో ఏలియన్‌తో పాటు గుమ్మటం, పొట్ట కూడా కనిపిస్తాయి, వాటిని వైట్‌నర్‌తో కప్పేస్తే సరి.

కొలతల సంగతి షీటులో ఒక్క మాటా లేదు. ఏ4 కాగితాన్ని అడ్డంగా పెట్టి, వెడల్పులో సగానికీ మళ్లీ సగానికీ మడిచి విప్పితే మూడు నిలువు మడతలు పడతాయి. ఎత్తులో ఒకసారి సగానికి మడిస్తే ఒక అడ్డ మడత. పళ్లెం ఆ అడ్డ మడత మీద కూర్చోవాలి, ఎడమ మడత నుంచి కుడి మడత దాకా. అది దాదాపు 15 సెంటీమీటర్లు వస్తుంది. ఎత్తు లెక్క ఇది: పైన 3 సెంటీమీటర్లు ఖాళీ, గుమ్మటం 5, పళ్లెం 5, పొట్ట 1, వెలుగు 5, కింద 2 ఖాళీ. మొత్తం 21, కాగితం ఎత్తు అంతే. గుమ్మటం వెడల్పు 7 సెంటీమీటర్లుంటే చాలు. ఇవి పెద్దవాళ్ల కంటికి మాత్రమే. పిల్లల చేతికి స్కేలు ఇస్తే ఓడ గీయడం మానేసి స్కేలు గీతలు మొదలుపెడతారు.

మడత విషయంలో ఒక జాగ్రత్త. గోరుతో గట్టిగా నొక్కితే తర్వాత క్రేయాన్ రుద్దేటప్పుడు ఆ గీత మీద రంగు పేరుకుని నల్లటి చార పడుతుంది. వేలితో మెత్తగా మడిచి వదిలేయాలి.

ఇక పళ్లెం. మొత్తం బొమ్మలో కష్టమైన ఆకారం ఇదొక్కటే, షీటు మాత్రం దీనికి ఒక్క గడి కేటాయించి ముందుకెళ్లిపోతుంది. గుండ్రం గీయడం మూడేళ్లకే వస్తుంది. సాగదీసిన గుండ్రం అలా రాదు. చెయ్యి అడ్డంగా ఎక్కువ దూరం పోయి, చివర్లో చటుక్కున తిరగాలి. నాలుగు చుక్కలు పెట్టి కలపమంటే ఇంకా చెడుతుంది, ఎందుకంటే పిల్లలు చుక్కకూ చుక్కకూ మధ్య తిన్నని గీతే గీస్తారు. పళ్లెం బదులు గాలిపటం వస్తుంది. దారి ఏమిటంటే రెండే చుక్కలు, ఎడమ మడత మీద ఒకటి, కుడి మడత మీద ఒకటి. 'ఇక్కడి నుంచి అక్కడికి చిన్న కొండ ఎక్కి దిగు. ఇప్పుడు అక్కడి నుంచి వెనక్కి గిన్నె అడుగులా రా.' ఈ రెండు మాటలు చాలు. పెన్సిల్ పెట్టే ముందు అదే కదలికను చూపుడువేలితో కాగితం మీద మూడుసార్లు తిప్పించాలి. భుజం కదలాలి, మణికట్టు కాదు. 15 సెంటీమీటర్ల గీత మణికట్టుతో గీస్తే మధ్యలో విరుగుతుంది.

ఇలా గీసినప్పుడు రెండు చివరలూ మొనదేలి కన్ను ఆకారం వస్తుంది. షీటులో గుండ్రటి చివరలున్నాయని దాన్ని సరిదిద్దే పెద్దలు ఉంటారు. దిద్దొద్దు. మొనదేలిన ఓడ నిజానికి ఇంకా చురుగ్గా కనిపిస్తుంది. పైగా ఈ పళ్లెం ఆకారం వచ్చిందే ఒక పోలిక నుంచి. 1947 జూన్ 24న అమెరికాలో రైనియర్ పర్వతం దగ్గర విమానం నడుపుతున్న కెన్నెత్ ఆర్నాల్డ్ తొమ్మిది వింత వస్తువులు చూశానన్నాడు. నీటి మీద విసిరిన పళ్లెం ఎగిరెగిరి పోయినట్టు అవి కదిలాయని చెబితే, పత్రికలు 'ఎగిరే పళ్లెం' అని పేరు పెట్టేశాయి. ఆయన స్వయంగా గీసి ఇచ్చిన బొమ్మ పూర్తి గుండ్రం కూడా కాదు, వెనక వైపు మొనదేలి ఉంటుంది.

గుమ్మటం, పొట్ట గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పొట్టకు పళ్లెం కింద ఒక చిన్న గిన్నె అంటే సరిపోతుంది.

దీపాల దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. షీటులో అంచు మీద ఒకే దూరంలో ఐదు గుండ్రాలు అందంగా ఉంటాయి, ఎలా పెట్టాలో చెప్పదు. పిల్లలు ఎడమ చివర మొదలుపెడతారు. మొదటిది పెద్దది, రెండోది ఇంకాస్త పెద్దది, మూడోదానికే సగం దాటిపోతుంది, మిగతా రెండూ కుడి చివర బఠాణీల్లా ఒకదాన్నొకటి తోసుకుంటాయి. మధ్యలోది ముందు పెట్టిస్తే ఈ బాధ లేదు. తర్వాత ఈ చివరొకటి, ఆ చివరొకటి, ఆపైన మిగిలిన రెండు ఖాళీల్లో రెండు. ఆరో ఏడు దాటిన పిల్లలకు చివరి దీపాలను కొంచెం సన్నగా, కోడిగుడ్డులా గీయమని చెప్పొచ్చు. పళ్లెం పక్కకు తిరిగిపోయినట్టు కనిపిస్తుంది. ఒక్క మాటతో బొమ్మకు లోతొచ్చేది ఇక్కడే, షీటు ఈ అవకాశం పూర్తిగా వదిలేసుకుంది.

ఆరో గడిలో కాళ్లు, ఏడో గడిలో వెలుగు, రెండూ ఒకే ఓడకు పెట్టడం అనవసరం. 5 సెంటీమీటర్ల చోటులో రెండూ చిక్కుపడతాయి. ఓడ దిగితే కాళ్లు, ఎగురుతుంటే వెలుగు. ఏది కావాలో పిల్లల్నే అడగండి.

ఇందులో ఓ తమాషా ఉంది. ఏటవాలు గీత మీద ఏదైనా నిలబెట్టమంటే చిన్నపిల్లలు ఆ గీతకు లంబంగా గీస్తారు. ఇంటి కప్పు మీద పొగగొట్టం పక్కకు పడిపోతున్నట్టు గీసేది అందుకే. ఇంటి బొమ్మలో తప్పనిపించే ఈ అలవాటు ఓడకు వరం. వంపు తిరిగిన అడుగు నుంచి లంబంగా గీసిన కాళ్లు వాటంతటవే బయటికి విచ్చుకుంటాయి, నేల మీద దిగిన ఓడకు కావలసింది అదే. వెలుగు గీతలూ అంతే, పైన 4 సెంటీమీటర్లు, కింద 10 దాకా వెడల్పవుతూ విచ్చుకోవాలి. షీటులో కాళ్లు నిట్టనిలువుగా ఉన్నాయి, పిల్లల చేతికి వచ్చేదాన్ని కాదని రానిదాన్ని అడిగినట్టు. మూడు కాళ్లు పెడితే మధ్యది ఒక వేలి మందం కిందికి దిగనివ్వాలి, మనకు దగ్గరగా ఉన్నట్టుంటుంది.

రంగుల దగ్గర షీటు చేతులెత్తేసింది. ఎనిమిదో గడిలో ఆకాశమంతా నలుపు, మధ్యలో పసుపు వెలుగు, తెల్ల నక్షత్రాలు. ఏ4 కాగితం అంటే 600 చదరపు సెంటీమీటర్లకు పైనే. ఓడను తీసేసినా క్రేయాన్ మొనతో దాన్ని నింపడం ఐదేళ్ల చేతికి శిక్ష. పావు వంతు నింపి లేచిపోతారు, తప్పు వాళ్లది కాదు. క్రేయాన్ కాగితం తొడుగు తీసేసి, అడ్డంగా పడుకోబెట్టి రుద్దితే పని నాలుగు నిమిషాల్లో అవుతుంది. లేదా ఇంకా మంచి దారి: తెల్ల క్రేయాన్‌తో నక్షత్రాలు గట్టిగా నొక్కి గీయించి, ఓడకూ వెలుగుకూ మైనం రంగులు దట్టంగా వేయించి, ఆపైన పల్చగా కలిపిన నీలం లేదా నలుపు వాటర్ కలర్ వెడల్పు బ్రష్‌తో పూయాలి. మైనం నీళ్లను తాకనివ్వదు కాబట్టి కనబడని నక్షత్రాలు ఒక్కసారిగా బయటపడతాయి. క్రేయాన్ తేలిగ్గా రుద్దిన చోట నీళ్లు దిగి మచ్చపడుతుంది, అందుకే 'గట్టిగా నొక్కు' అనే మాట మరిచిపోకూడదు. దీనికి 80 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) మామూలు ప్రింటర్ కాగితం పనికిరాదు, అలలు అలలుగా ముడుచుకుపోతుంది; 200 జీఎస్‌ఎం ఉండాలి. ఆ మందం కాగితం మడతలకు మొరాయిస్తుంది, అప్పుడు మడతల బదులు పెన్సిల్‌తో సన్నని గుర్తులు పెట్టుకోవాలి.

మామూలు క్రేయాన్‌తోనే సరిపెట్టుకుంటే పసుపు ముందు, నలుపు చివర. నలుపు మీద పసుపు వేస్తే కనిపించదు, పసుపు పక్కన నలుపు రుద్దితే అరచెయ్యి దాన్ని పసుపులోకి ఈడ్చి మురికి ఆకుపచ్చ చేస్తుంది. వెలుగు చుట్టూ వేలు పట్టేంత తెల్లచోటు వదిలేస్తే గొడవే లేదు, వెలుగు మెరుస్తున్నట్టు కూడా ఉంటుంది. నల్ల స్కెచ్ పెన్‌తో అవుట్‌లైన్ రంగులకు ముందే అయిపోవాలి. షీటు దాన్ని చివర పెట్టింది. మైనం మీద స్కెచ్ పెన్ జారుతుంది, మొన మూసుకుపోయి పెన్నే పాడవుతుంది. వాటర్ కలర్ వేసే ఉద్దేశముంటే నీళ్లకు కరగని మార్కర్ కావాలి, లేకపోతే ఏలియన్ ముఖమంతా కాటుక చెదిరినట్టవుతుంది.

పెన్సిల్ సంగతి షీటు ఎత్తలేదు. 2బీ అనే మెత్తటి రకం మంచిది, తేలిగ్గా పట్టుకున్నా గీత కనిపిస్తుంది. గట్టి పెన్సిల్ ఇస్తే గీత కనబడటంలేదని పిల్లలు నొక్కుతారు, చెరిపినా గాడి మిగిలిపోతుంది.

ప్రింట్ తీసేవాళ్లు తప్పక చూసుకోవాల్సిన సంగతి ఒకటుంది. కొత్త గీత ఎరుపు, పాతది నలుపు అనే ఏర్పాటు ఈ షీట్లలో అన్నిటికన్నా తెలివైనది. నలుపు తెలుపు జిరాక్స్ తీస్తే అదే పోతుంది. అన్నీ నల్లగీతలే అయి, నాలుగుకూ ఐదుకూ తేడా ఏమిటో పిల్లలు వెతుక్కుంటూ కూర్చుంటారు. రంగు ప్రింట్ కుదరకపోతే ప్రతి గడిలో కొత్త గీత మీద ఎర్ర స్కెచ్ పెన్‌తో ఒకసారి దిద్దండి, ఐదు నిమిషాల పని. ఒక అట్టలో గడి సైజు కిటికీ కోసి షీటు మీద పెడితే ఒకసారికి ఒక స్టెప్పే కనిపిస్తుంది, ఎనిమిదో గడి చూసి దిగులుపడటం తగ్గుతుంది. ఎడమచేతి వాటం పిల్లలకు షీటు కుడివైపు పెట్టాలి. ఎడమ పక్కన పెడితే వాళ్ల చెయ్యే దాన్ని కప్పేస్తుంది. నేర్పేవాళ్లు ఎదురుగా కాకుండా పక్కన కూర్చుని తమ కాగితం మీద తాము గీస్తూ చూపించాలి. పిల్లల కాగితం మీద చెయ్యి పెట్టడం వద్దు.

చుక్కల గీతల రెండో పేజీకి మా దగ్గర మార్కులు తక్కువ. దిద్దేటప్పుడు కన్ను తర్వాతి చుక్క మీదే ఉంటుంది, ఓడ మొత్తం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూడాల్సిన పని ఉండదు. ఒకసారి వేలితో తిప్పించి పక్కన పెట్టేస్తే చాలు.

'4 ఏళ్లు పైబడిన' అన్న మాటను నమ్మొద్దు. కూడిక గుర్తు లాంటి అడ్డం నిలువు గీతలు నాలుగేళ్లకు కుదురుతాయి. ఏటవాలు గీతలతో త్రిభుజం రావడానికి ఐదేళ్లు పడుతుంది. ఈ వరస మార్చుకుని, పక్కన పెద్దవాళ్లుంటే ఐదున్నర నుంచి పనికొస్తుంది. ఒంటరిగా షీటు చూసి గీయాలంటే ఏడు రావాలి. నాలుగేళ్ల పిల్లలకైతే పళ్లెం, గుమ్మటం, రెండు కళ్లు, అంతే. ఎనిమిదేళ్లు దాటినవాళ్లకు ఇది చప్పగా ఉంటుంది. వాళ్లచేత ఓడను కొంచెం పైనుంచి చూసినట్టు గీయించండి. అప్పుడు గుమ్మటం అడుగు పళ్లెం లోపలికి గిన్నెలా వంగుతుంది, పళ్లెం వెనక గీత గుమ్మటం చాటుకు పోతుంది. షీటులో ఉన్న రబ్బరు బొమ్మకు ఆ వయసులో అర్థం ఉంటుంది.

మర్నాడు షీటు తీసేసి మళ్లీ గీయమనండి. పళ్లెంతో మొదలుపెట్టి, ఏలియన్ తల గీశాక గుమ్మటం మూస్తే వరస చేతికెక్కినట్టే. దీపాలు నాలుగొచ్చినా, ఆరొచ్చినా లెక్కపెట్టకండి.